ట్రాక్టర్ ఇసుక ఎన్ని టన్నులు? బకెట్‌తో తేల్చే పద్ధతి

"అన్నా, ట్రాక్టర్ ఇసుక అంటే ఎన్ని టన్నులే?"

హసన్‌పర్తిలో ఇల్లు మొదలుపెట్టిన రోజు మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో లారీ కాంటా మీద 24 ఏళ్ళుగా కూర్చున్నవాణ్ణి, నాకు నోటికి వచ్చి ఉంటుందని వాడి నమ్మకం. "నాలుగూ కావచ్చు, ఐదుకు దగ్గరా కావచ్చు. తడిగా ఉందా, పొడిగా ఉందా?" అన్నాను. "ఇసుక ఇసుకలెక్కనే ఉంది" అన్నాడు. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

వాడి తప్పేం లేదు. ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాల్లో, సలాకలు కిలోల్లో, గ్రానైట్ అడుగుల్లో, ఇసుక ట్రాక్టర్లలో, నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి. వీటిని ఒక్క లెక్కలోకి తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు, ఒక గుణకారం అంతే. ఏ అంకెతో గుణించాలన్న దగ్గరే అందరూ దెబ్బతింటారు. అందుకే ముందుగా పట్టిక ఇవ్వను. అంకెను మీరే తీసుకునే దారి చెప్తాను.

లీటరు నీళ్ళు కిలో. మిగతా సరుకులన్నీ దీనితో పోల్చుకోవాలి. అదే లీటరు జాగాలో ఇంకో సరుకు ఎన్ని కిలోలు పడుతుందో ఆ అంకెనే బడి పుస్తకాల్లో సాంద్రత అన్నారు. పొడి ఇసుకకు 1.6 అనుకోండి. దాన్ని లీటర్లతో గుణిస్తే కిలోలు వస్తాయి, ఘనపు మీటర్లతో గుణిస్తే టన్నులు వస్తాయి. మేస్త్రీలు మాట్లాడేది సీఎఫ్‌టీల్లో, అంటే ఘనపు అడుగుల్లో. ఒక సీఎఫ్‌టీలో 28.3 లీటర్లు పడతాయి కాబట్టి 1.6ను 28.3తో గుణిస్తే అడుగుకు 45 కిలోలు. ఈ 28.3 ఒక్కటి గుర్తుంటే చాలు.

బకెట్ పని

ఒక పెయింట్ బకెట్, కిరాణా షాపులో బస్తాలు తూచే లాంటి కాంటా, నీళ్ళు. ఇంతకు మించి ఏమీ వద్దు.

ముందు ఖాళీ బకెట్ తూచండి. మాది 900 గ్రాములు. తర్వాత అంచు దాకా నీళ్ళు నింపి తూచండి. మాది 22 కిలోల 300 గ్రాములు వచ్చింది. బకెట్ బరువు తీసేస్తే నీళ్ళు 21.4 కిలోలు, అంటే అంచు వరకు బకెట్‌లో 21.4 లీటర్లు పడతాయి. బకెట్ మీద మాత్రం 20 లీటర్లు అని అచ్చు వేసి ఉంది. పెయింట్ పోసే మట్టం వరకు అది నిజమే కావచ్చు, కానీ మనం ఇసుకను అంచు దాకా పోసి చదును చేస్తాం. కాబట్టి మనకు అంచు లెక్కే కావాలి. అచ్చు నమ్ముకుంటే మొదటి మెట్టులోనే ఏడు శాతం తప్పు. ఎండాకాలంలో 30 డిగ్రీల నీళ్ళు లీటరుకు నాలుగు గ్రాములు తక్కువ తూగుతాయి, అది మన పనికి లెక్కలోకి రాదు.

నీళ్ళు పారబోసి, బకెట్ తుడిచి, ఇసుక పోయండి. పారతో జానెడు ఎత్తు నుంచి వదలండి. కుదపకండి, కాలితో తన్నకండి. కట్టె బద్ద ఒకటి అంచు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగితే పైన ఎగుడుదిగుడు పోతుంది. మూడుసార్లు నింపి తూచి సగటు తీయండి, ఒక్కసారితో నమ్మకం కుదరదు.

మా వాడి దగ్గర రెండు కుప్పలున్నాయి. ఎండలో వారం రోజులు ఆరిన కుప్పతో బకెట్ 35.1 కిలోలు తూగింది. బకెట్ పోను 34.2. దాన్ని 21.4తో భాగిస్తే 1.6. ఆ పొద్దున్నే ఆకేరు వాగు నుంచి వచ్చిన తడి కుప్పతో కూడా నింపాం. "ఇది బరువుంటది, నేను పట్టుకుంటా" అని తమ్ముడు ముందుకు వచ్చాడు. కాంటా మీద 29.6 చూపించింది. బకెట్ పోను 28.7, అంటే లీటరుకు 1.34.

వాడు కాంటాను రెండుసార్లు తట్టి చూశాడు.

తడి ఇసుక తేలికగా తూగడం ఏంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఇసుకకు కొద్దిపాటి తేమ తగిలితే ప్రతి రేణువు చుట్టూ సన్నటి నీటి పొర పట్టుకుంటుంది. ఆ పొర రేణువులను దగ్గరికి రానివ్వదు, కుప్ప ఉబ్బుతుంది. నాలుగైదు శాతం తేమకే పావు వంతు దాకా ఉబ్బే ఇసుకలున్నాయి, సన్న ఇసుక ఇంకా ఎక్కువ. నీళ్ళు బాగా పోసి ముంచేస్తే ఆ పొరలు పోయి ఇసుక మళ్ళీ కిందికి దిగుతుంది. నీళ్ళు కారుతున్న లారీ ఇసుక అడుగుకు 55 కిలోల దాకా తూగేది అందుకే. అంటే ఒకే వాగు ఇసుక అడుగుకు 38 కిలోలూ నిజమే, 45 నిజమే, 55 నిజమే.

దీన్ని కాంటా లేకుండా కూడా చూడొచ్చు. నిటారుగా ఉండే గాజు సీసా ఒకటి తీసుకుని తడి ఇసుక వదులుగా పోసి మట్టం గుర్తు పెట్టండి. మేం 20 సెంటీమీటర్లు పోశాం. ఆ ఇసుకను బయటికి తీసి, సీసాలో సగం నీళ్ళు పోసి, ఇసుకను మెల్లగా మళ్ళీ వేసి పుల్లతో కలిపితే 16 దగ్గర ఆగింది. నాలుగు సెంటీమీటర్లు ఉబ్బు. పదహారుకు నాలుగంటే 25 శాతం.

ఇప్పుడు ట్రాక్టర్ దగ్గరికి వద్దాం. ట్రాలీని బయట నుంచి కొలవకండి, లోపల టేప్ పెట్టండి. ఆ ట్రాలీ 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇసుక ఒకటిముప్పావు అడుగుల ఎత్తు నిండింది. గుణిస్తే 105 సీఎఫ్‌టీ. పొడి ఇసుకైతే 45 చొప్పున 4,700 కిలోల పైమాట. తడి ఇసుకైతే 38 చొప్పున 3,990 కిలోలు, అందులోనూ ఐదు శాతం నీళ్ళు తీసేస్తే అసలు ఇసుక 3,800. ట్రిప్పుకింతని డబ్బులిచ్చేవాడికి తడి ఇసుక వస్తే దగ్గర దగ్గర తొమ్మిది క్వింటాళ్ళు తక్కువ వచ్చినట్టు. టన్నుల లెక్కన కొనేవాడికి పోయేది నీళ్ళ బరువే, రెండు క్వింటాళ్ళ లోపు. కాబట్టి కొద్ది తేమ ఇసుకను టన్నుల్లో కొనండి. నీళ్ళు కారే ఇసుకను మాత్రం టన్నుల్లో కొనకండి, అప్పుడు ట్రాలీ కొలతే నయం. ట్రాక్టర్ డ్రైవర్‌తో గొడవ పడి లాభం లేదు, అతను మోసం చేసిందేమీ లేదు. ట్రాలీ నిండుగానే ఉంది కదా.

తట్టలతో మాల్ కలిపేటప్పుడూ ఇదే కథ. ప్లాస్టరింగ్‌కు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు అని మేస్త్రీ ఆరు తట్టల తడి ఇసుక వేస్తే పడేది ఐదు తట్టల కంటే తక్కువ ఇసుకే. సిమెంటు ఊరికే ఖర్చయిపోతుంది. సిమెంటు 50 కిలోల బస్తా 35 లీటర్ల లోపు, అంటే ఒకటింబావు సీఎఫ్‌టీ లోపు. తట్ట ఎంత పడుతుందో నీళ్ళతో కొలిచి పెట్టుకుంటే మేస్త్రీకీ సులువు.

రాయి ఒకటే, అంకెలు రెండు

గ్రానైట్ లీటరుకు 2.7 కిలోలు. అదే రాయిని కొట్టి 20 ఎంఎం కంకర చేస్తే లీటరుకు 1.5. రాయి మారలేదు, మధ్యలో గాలి వచ్చింది. ఎంత గాలో తెలియాలంటే బకెట్ నిండా కంకర పోసి, అంచు దాకా నీళ్ళు పోయండి. మా బకెట్ 9.4 లీటర్లు తాగింది. మొత్తం 21.4లో అది 44 శాతం. మిగిలిన 56 శాతమే రాయి. 2.7ను 0.56తో గుణిస్తే 1.5 వస్తుంది, కాంటా చూపించింది కూడా అంతే. కాబట్టి ఏ అంకె చూసినా అది గట్టి ముక్కదా, కుప్పదా అని అడగండి. రెండూ కలిపేసుకుంటే కంకర లెక్క దాదాపు రెండింతలవుతుంది.

గట్టి రాయి లెక్క నాకు డబ్బు ఖర్చుతో వచ్చిన చదువు. మా ఇంటికి కరీంనగర్ నుంచి గ్రానైట్ పలకలు పది తెచ్చుకున్నాం. ఒక్కోటి 8 అడుగులకు 3 అడుగులు, 20 ఎంఎం మందం. "పది పలకలే కదా" అని ట్రాలీ ఆటో మాట్లాడింది నేనే. రోజూ తూకాలు రాసే మనిషినని డ్రైవర్ నా మాట మీద ఎక్కించుకున్నాడు. ఎల్కతుర్తి దాటాక బండి వెనక కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు విరిగి బండి ఒక పక్కకు ఒరిగింది. అక్కడే రోడ్డు పక్కన కూర్చుని లెక్క వేశాను. చదరపు అడుగుకు 20 ఎంఎం మందమంటే 1.86 లీటర్లు, 2.7తో గుణిస్తే 5 కిలోలు. పలకకు 24 అడుగులు, 120 కిలోలు. పది పలకలు 12 క్వింటాళ్ళు. అరటన్ను మోసే బండి అది. కట్టల ఖర్చు నేనే ఇచ్చుకున్నా, రెండు పలకలు పగిలాయి. అప్పటి నుంచి చదరపు అడుగుకు 5 కిలోలు అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

సలాకలది తేలిక, ఉక్కు ఎక్కడైనా 7.85 కాబట్టి. మందాన్ని ఎంఎంలలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎంకి 144ను 162తో భాగిస్తే 0.889. 12 మీటర్ల సలాక 10.67 కిలోలు. సలాకలకున్న భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 12 ఎంఎంకి ఐదు శాతం అటూఇటూ ఒప్పుకోలు, 10 ఎంఎం, అంతకు సన్నవాటికి ఏడు శాతం. అంతకన్నా తేలికగా వస్తే దించకముందే మాట్లాడండి.

కల్లంలో రాశి

కాంటా దగ్గర రైతులు ఎక్కువగా అడిగేది వడ్ల రాశి గురించి. లారీ మాట్లాడాలా, ట్రాక్టర్ సరిపోతుందా, ఎన్ని బస్తాలు అడగాలి అని. రాశి చుట్టూ తాడు తిప్పి కొలవండి, 40 అడుగులు వచ్చిందనుకుందాం. ఎత్తు కోసం రాశి పక్కన కర్ర నిలబెట్టి, కొన నుంచి ఇంకో కర్ర అడ్డంగా పెట్టి చూడండి, నాలుగున్నర అడుగులు అనుకుందాం. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, ఎత్తుతో గుణించి, 37.7తో భాగించాలి. 40 సార్లు 40 అంటే 1,600, నాలుగున్నరతో గుణిస్తే 7,200, భాగిస్తే 191 సీఎఫ్‌టీ. గుండ్రంగా, కొన తేలిన రాశికే ఇది, పైన చదునుగా ఉంటే పని చేయదు.

ఇక వడ్ల అంకె. దీనికి మా అమ్మ ఇత్తడి మానిక వాడాను. అది నీళ్ళతో 1 కిలో 340 గ్రాములు పట్టింది. మీ ఇంటి మానిక వేరేగా ఉండొచ్చు, ఊరికో కొలత ఉండేది. అందులో వడ్లు 780 గ్రాములు, బియ్యం కిలో వంద. అంటే వడ్లు లీటరుకు 0.58, బియ్యం 0.82. వడ్లు 0.58ని 28.3తో గుణిస్తే అడుగుకు 16.4 కిలోలు. 191 అడుగులకు 31 క్వింటాళ్ళు దాటుతుంది. సన్నరకానికీ దొడ్డురకానికీ, తాలుకూ తేడా ఉంటుంది, మీ వడ్లను మీ డబ్బాతోనే తూచుకోండి. ఇది లారీ మాట్లాడుకోవడానికి మాత్రమే. డబ్బులు తీసుకునే తూకం దడ్వాయి, అంటే మార్కెట్‌లో తూకం వేసే మనిషి ముందు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాంటా మీదే.

తేమ గురించి ఒక్క మాట. కొనుగోలు కేంద్రంలో 17 శాతం వరకు తీసుకుంటారు. 20 శాతం తేమతో ఉన్న క్వింటా వడ్లు 17కు ఆరితే 96 కిలోల 400 గ్రాములవుతాయి. రాశి చూడడానికి అట్లాగే ఉంటుంది, మూడున్నర కిలోలు గాలిలో కలిసిపోతాయి. ఎవరో ఎత్తుకెళ్ళారని ఇంట్లో గొడవ పడకండి.

పెద్ద కాంటా మీద చిన్న బరువులు తూచాలని కూడా కొందరు వస్తారు. మేడారం జాతరలో బెల్లాన్నే బంగారం అంటారు. జాతరకు ముందు నిలువెత్తు బంగారం మొక్కు ఉన్నవాళ్ళు, ఎంత బెల్లం కొనాలో చూసుకుంటామని ఎక్కి నిలబడతారు. మాది పది కిలోల మెట్లలో చూపించే కాంటా. ఒకామె 60 దగ్గర నిలబడి, పక్కన కూతుర్ని ఎక్కించుకుని కూడా పది పెరగలేదని నవ్వింది. ఎదురుగా మందుల షాపు మిషన్ దగ్గరికి పంపాను. లారీ ట్యాంకు సంగతి మాత్రం ఈ కాంటాలో తెలుస్తుంది. డీజిల్ లీటరుకు 0.83 చొప్పున 300 లీటర్లు రెండున్నర క్వింటాళ్ళు. లోడు తూకం ట్యాంకు నిండా ఉన్నప్పుడు, ఖాళీ తూకం తాగేశాక వేయిస్తే ఆ తేడా కొన్నవాడి నెత్తినే.

వంటింట్లో

నూనె నీళ్ళ మీద తేలుతుంది, అంటే లీటరు కిలో కాదు. సన్‌ఫ్లవర్, పల్లీ నూనెలు లీటరుకు 910, 915 గ్రాములు. 15 కిలోల డబ్బాలో 16 లీటర్ల పైన ఉంటుంది, 15 లీటర్ల డబ్బాలో 13 కిలోల 650 గ్రాములే. రెండు డబ్బాలు షెల్ఫులో పక్కపక్కనే ఉంటాయి, ధర కొద్దిగా తేడా. ఏది చవకో తెలియాలంటే రెండింటినీ కిలోకు తెచ్చుకోవాలి. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కూడా. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 అని కేంద్ర ప్రభుత్వమే 2022లో లెక్క చెప్పి, ప్యాకెట్ మీద ఉష్ణోగ్రత రాసి కొలత చూపించడం ఆపమంది.

పాలు లీటరుకు 1.03 కిలోలు. తేనె 1.4. ములుగు అడవి తేనె అని సీసాల్లో తెస్తారు కదా. 650 ఎంఎల్ సీసాలో మంచి తేనె 910 గ్రాముల పైన తూగాలి, 850 ఉంటే నీళ్ళు కలిసినట్టే. బెల్లం పాకం కలిపితే మాత్రం ఈ తూకానికి దొరకదు. దాని బరువూ అంతే ఉంటుంది.

పిండి సంగతి వేరు. జల్లించిన బియ్యప్పిండి, డబ్బాను తట్టి నింపిన బియ్యప్పిండి ఒకే గ్లాసులో పావు వంతు తేడా రావచ్చు. సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు మా ఆవిడ గ్లాసు పక్కన పెట్టి బియ్యాన్నే తూచి నానబెడుతుంది. అదే సరైన పని.

వంకర వస్తువు ఎంత జాగా తీసుకుంటుందో కొలవడానికి ఒక చిట్కా. వంటింటి కాంటా మీద నీళ్ళ గిన్నె పెట్టి అంకెను సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాంటా మీద ఎన్ని గ్రాములు పెరిగితే ఆ వస్తువు అన్ని మిల్లీలీటర్లు. పెంబర్తిలో కొన్న నా ఇత్తడి చెంబు 510 గ్రాములు, ముంచితే 60 పెరిగింది. 510ను 60తో భాగిస్తే 8.5, ఇత్తడి అంకె అదే. చెంబు లోపల గాలి బుడగ ఉండిపోతే అంకె తప్పుతుంది, నీళ్ళలో ఒకసారి తిప్పి తీయండి.

మా కాంటా గది గోడ మీద సీఎఫ్‌టీకి కిలోల లెక్కన రాసి పెట్టుకున్న అంకెలు ఇవి: నీళ్ళు 28, వడ్లు 16, బియ్యం 23, కంకర 43, సిమెంటు 41, స్లాబు కాంక్రీటు 70, గట్టి గ్రానైట్ 76. ఇసుకకు రెండు రాశాను, పొడికి 45, తేమకు 38. నీళ్ళు కారే ఇసుకకు 55 అని రాసి కొట్టేశాను. అది ఏ రోజుకారోజు బకెట్‌తోనే తూచుకోవాలి.